పట్టిక కెక్కని పరిచారికలు

చెన్నపట్టణములోని మన తెలుగు గృహములందు వృద్ధుల మంచముల ప్రక్కన కూర్చుండి రాత్రింబవళ్లు కనిపెట్టియుండు యువతు లెవ్వరో, ఎక్కడనుండి వచ్చిరో, ఏమి నేర్చి వచ్చిరో మన మెన్నడైన విచారించితిమా? ఇంటి యజమాని న్యాయవాదియో, ఇంజనీరో, ఆడిటరో, వైద్యుడో యై యుండును. కారు నడుపువానిని పనిలో పెట్టుకొనునపుడు ఆయన లైసెన్సు చూపుమనును. కన్నతల్లి పక్షవాతముతో మంచము పట్టినపుడు మాత్రము, ఏజెన్సీవారు పంపిన బాలికను లోనికి రమ్మని మంచము చూపును, ఏమియు నడుగడు. ఆమె 'హోం నర్సు' అని ఏజెన్సీవారు చెప్పిరి. ఆయన కంతియ చాలును. ఆ బిరుదు ఎవ్వరు ఎవ్వరికైనను ఇచ్చుకొనవచ్చునని ఆయన కెవ్వరును చెప్పలేదు.

మాకు పరిచయముగల యొక కుటుంబములో జరిగిన సంగతి చెప్పెదము. ఎనుబదియేండ్లు దాటిన ఆ యింటి ముసలమ్మగారికి పక్షవాతము వచ్చిన పిదప, జీవితమంతయు ఈ నగరమున వాడుకొన్న అరవము మఱపునకు వచ్చి, చిన్ననాటి తెలుగు మాత్రము మిగిలినది. ఏజెన్సీ పంపిన బాలిక నరికుడి ప్రాంతమునుండి వచ్చినది. బడిలో చదివినది తమిళమే. తెలుగున ఒక్క అక్షరము వ్రాయనేరదు. అయినను ఇంట మాటలాడునది తెలుగు. "అవ్వా, రవంత నోరు తెరువు" అని ఆమె యడుగగా, కొడుకుల మాట వినని ముసలమ్మగారు నోరు తెఱచెడివారు. ఇంటివారు ఇది దైవసహాయ మనుకొనిరి. ఒకనాటి రాత్రి ఆ బాలిక, తలగడ యెత్తు పెట్టక, పడుకొనియున్న యామెకు గంజి త్రాగించినది. పొలమాఱినది. గంజి ఊపిరితిత్తులలో చేరి, మూడవనాటికి జ్వరము, ఆయాసము, ఆస్పత్రి. ఇంటివారు బాలికను నిందించి పంపివేసిరి. ఆమె పెట్టెలో ఒక యోగ్యతాపత్రము కలదు; ఏడాది రుసుము చెల్లించి సంపాదించినది; దానిపై బంగారురంగు ముద్రయు కలదు. మ్రింగుట కష్టమైన రోగిని కూర్చుండబెట్టి తినిపింపవలెనన్న యొక్క మాట మాత్రము ఆ యేడాదిలో ఆమె కెవ్వరును నేర్పలేదు.

తప్పు ఆ బాలికదా? మాకట్లు తోచుట లేదు.

నరికుడి విరుదునగరము జిల్లాలో తిరుచ్చుళి తాలూకాలోని ఊరు. రమణమహర్షి జన్మించిన తిరుచ్చుళి దానికి పొరుగు. గుండారు పాఱు సీమయే కాని, ఆ యేట నీరు కనబడు దినములు కొలది. వానను నమ్ముకొని ప్రత్తి, మిరప, చిరుధాన్యములు పండించు మెట్టభూములు. 2018లో కేంద్రప్రభుత్వమువారు ప్రత్యేకముగ పైకి తేవలసిన జిల్లాల నెన్నుకొన్నప్పుడు, తమిళనాడునుండి ఆ జాబితాలో చేరినవి రామనాథపురము, విరుదునగరము అను రెండే.

ఈ సీమ మనకు పరాయిది కాదు. విజయనగరపు కాలమునుండియు, మధుర నాయకుల కాలమునుండియు తెలుగువారు అచ్చట కాపురమున్నారు. కోవిల్పట్టి చుట్టుపట్ల కమ్మవారును, కంబళపు నాయకులును, రాజపాళయమున రాజులును, పెక్కు గ్రామములలో రెడ్లును కలరు. తిరుచ్చుళి తాలూకాలోనే రెడ్డియపట్టి యను పేరుగల ఊరున్నది. 1949 మొదలు 1952 వఱకు చెన్నరాజ్యమున ప్రభుత్వము నడపిన పి. ఎస్. కుమారస్వామిరాజాగారు రాజపాళయమువారు. కోవిల్పట్టి దగ్గఱి ఇడైశెవల్ గ్రామస్థులగు కి. రాజనారాయణన్ గారు (1923–2021) ఇంట తెలుగు మాటలాడుచు, తమిళమున నవలలు వ్రాసి, తెలుగువారి వలసకథను అరవపాఠకులకు చెప్పి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము నందిరి. ఈ పేర్లు మన సభలలో తఱచుగ వినబడును. వినబడనివారు అరుంధతీయులు. వారిలోను పెక్కుమంది మాతృభాష తెలుగే. తరతరములుగా తోలుపనియు, పాకీపనియు వారి మెడకు కట్టిన సంఘములో తెలుగు సంఘమును పాలు పంచుకొన్నది. 2009లో తమిళనాడు ప్రభుత్వమువారు విద్యోద్యోగములలో వారికి 3 శాతము వేఱుగా కేటాయించిరి. ఈ సంగతి ఇచ్చట నేల యెత్తితిమనగా, రోగి మలమూత్రము లెత్తు పనిని మనదేశమున విద్యగా కాక కులపుచాకిరిగా చూచుట చిరకాలపు అలవాటు. చాకిరికి శిక్షణ యెందులకు, పరీక్ష యెందులకు అను తలంపు మన మనస్సులలో నెక్కడనో దాగియున్నది. పరిచారికకు పట్టిక లేకపోవుటకు మూలము శాసనసభలో కంటె అచ్చటనే వెదకవలెను.

చట్టపు సంగతి చూతము. నర్సుల పేర్లు పట్టికలో వ్రాయు పద్ధతి మన రాజధానిలో 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టముతో నేర్పడినది. ఆ చట్టము, తరువాతి సవరణలతో కూడి, నర్సులకును, మంత్రసానులకును, ఆరోగ్య సందర్శకురాండ్రకును, సహాయక నర్సు-మంత్రసానులకును మాత్రమే కాక, దాయీలకు సైతము చోటిచ్చినది. ఇది గమనింపదగిన విషయము. ప్రసూతికి పోవు దాయీని నిరక్షరాస్యురాలని త్రోసివేయక, ఆమెకును కొంత నేర్పి, పేరు వ్రాసికొని, లెక్కలోనికి తెచ్చుట మేలని నాటి పెద్దలు తలంచిరి. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. మండలి నిర్ణయించిన పాఠ్యక్రమములలో మొదటిమెట్టు ఏ.ఎన్.ఎం. అని అందఱు పిలుచు సహాయక నర్సు-మంత్రసాని చదువు: పండ్రెండవ తరగతి నెగ్గి, 17 ఏండ్లు నిండినవారికి రెండేండ్ల శిక్షణము. తమిళనాడు పల్లెలలో గ్రామ ఆరోగ్య నర్సులుగా పనిచేయువా రీ చదువు చదివినవారే. ఆ మెట్టునకు క్రింద నున్న బాలికకు పట్టికలో చోటు లేదు. తాలూకా పట్టణములలో అంగళ్లమీది మేడగదులలో నడచు 'నర్సింగు అసిస్టెంటు' చదువులు ఆమెకు కాగితము నిచ్చును. మండలి గుర్తింపు నీయజాలవు. నైపుణ్యశిక్షణ సంస్థలు నడపు 'జనరల్ డ్యూటీ అసిస్టెంటు' శిక్షణము వీనికంటె ఎంతయో మేలైనది. అయినను అదియు యోగ్యతాపత్రమేకాని లైసెన్సు కాదు. 2023లో పార్లమెంటువారు 1947 నాటి చట్టమునకు బదులుగా నర్సింగునకును, మంత్రసానివృత్తికిని జాతీయసంఘము నేర్పఱచు చట్టమును చేసిరి. ఢిల్లీలో చట్టము చేయుట వేఱు. నరికుడి బాలిక పేరు వ్రాసికొనుటకు ఒక పుస్తకము తెఱచుట వేఱు.

ఇంతకును పరిచారికకు నేర్పవలసిన దేమున్నది, ఇది ఇంటింట ఆడువారు చేయుచున్న పనియే కదా యని కొందఱందురు. వారు ఒక్కదినము ఆ మంచము ప్రక్కన కూర్చుండి చూడవలెను. కదలలేని రోగిని సుమారు రెండు గంటల కొకమాఱు ప్రక్క మార్చవలెను. మార్చనియెడల తుంటివద్ద, మడమవద్ద, వెన్ను చివర చర్మము మొదట ఎఱ్ఱబాఱును, వ్రేలితో నొక్కి తీసినను తెల్లబడదు, కొలదిదినములలో పుండగును, ఉపేక్షించినచో ఎముకవఱకు పోవును. ఆ మొదటి ఎఱుపును కనిపెట్టవలసిన కన్నులు వైద్యునివి కావు. ఆయన వారమున కొకమాఱు వచ్చును. స్నానము చేయించు చేతులే, దుప్పటి మార్చు చేతులే దానిని కనుగొనవలెను. తినిపించునపుడు రోగిని నిటారుగ కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంపి, చిన్న చెంచాతో పెట్టి, మ్రింగిన పిదపనే రెండవ చెంచా పెట్టవలెను. తిన్న తరువాత అరగంట పడుకొనబెట్టరాదు. మూత్రపు గొట్టమునకు కట్టిన సంచి రోగి నడుముకంటె ఎత్తున వ్రేలాడరాదు. మధుమేహరోగి చెమటలు పట్టి, మాటలు తడబడి, తికమక పడుచున్నచో అది ముసలితనపు చాదస్తము కాదు. రక్తమున చక్కెర పడిపోయినదేమో చూడవలెను. మనిషిని లేవనెత్తునపుడు నడుము వంచక మోకాళ్లు వంచవలెను. లేనిచో ఇరువదియైదేండ్లకే ఆ బాలిక నడుము విఱుగును. ఈ చివరిది మన మెన్నడును తలపెట్టము. రోగి వీపు సంగతి చూచుటకు వచ్చినదాని వీపును ఎవ్వరు చూడవలెను?

చేయవలసిన పనులకంటె చేయరాని పనులు తెలియుట ముఖ్యము. సూదిమందు వేయరాదు. సెలైను ఎక్కింపరాదు. ముక్కుగొట్టము తాను వేయరాదు. మందు మోతాదు మార్చరాదు. మన ఇండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. "నర్సువు కదా, ఈ ఇంజెక్షను వేయుము, మఱల క్లినిక్కునకు పోవుట యెందులకు?" అని యజమానుడే యడుగును. నెలజీతమునకై వచ్చిన పందొమ్మిదేండ్ల పిల్ల కాదనగలదా? కాదన్నచో పని పోవును. వేసి కీడు జరిగినచో నేరము తనది. లైసెన్సు గల మనిషి "ఇది నా హద్దు కాదు, నా పేరు పోవును" అని చెప్పగలదు. లైసెన్సు రోగికి రక్ష యని అందఱు నొప్పుకొందురు. అది పరిచారికకు కాదను హక్కు నిచ్చు పత్రము. ఆ హక్కునకే మేము ఎక్కువ విలువ నిచ్చుచున్నాము.

శిక్షణపు కథ మన నగరమునకు క్రొత్త కాదు. మంత్రసానులకు శిక్షణ నిచ్చు పాఠశాల ఈ చెన్నపట్టణముననే 1854లో వెలసినది. 1871లో జనరల్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ మారంభమైనది. లండనులో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేలు పాఠశాల 1860 నాటిది; అనగా మనము పదియొక్క యేండ్లే వెనుక. (ఆ నైటింగేలు దొరసానియే మన కాటనుదొర నీటిపారుదల వాదమును బలపఱచి, ఇండియా కఱవులనుగూర్చి వ్రాసినదని తెలిసినవారు కొలదిమంది.) ఇంత ముందుగ మొదలైనను, 1946లో భోర్ సంఘమువారు లెక్కించునప్పటికి బ్రిటిషిండియాలో నున్న నర్సులు 7,000, 43,000 మంది కొక్కరు. 500 మంది కొకరుండవలెనని సంఘమువా రాశించిరి. పూర్తి నర్సులను తయారుచేయుట ఆలస్యమగునని తోచి, 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో సెయింట్ మేరీస్ ఆస్పత్రియందు మొదటి ఏ.ఎన్.ఎం. తరగతి ప్రారంభించిరి. సహాయకురాలికి గౌరవము, పాఠ్యక్రమము, పట్టిక మూడును ఒక్కమాఱే ఇచ్చినందుననే ఆ పని నిలిచినది.

ఇందు మన తెలుగువారు చెప్పుకొనదగినది దుర్గాబాయమ్మగారి పని. 1937లో ఈ నగరమున ఆంధ్రమహిళాసభను నెలకొల్పి, బడి విడిచిన ఆడపిల్లలను చేరదీసి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివించినవా రామె. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన పిదప, 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాప్రణాళికను ప్రవేశపెట్టిరి. ఆమె చూచిన చిక్కు ఇది: పల్లెలకు నర్సులు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలెను, శిక్షణకు చేరుటకు కనీసపు చదువున్న స్త్రీలు పల్లెలలో లేరు, చదువున్న పట్టణపు స్త్రీలు పల్లెలకు పోరు. కావున పల్లెలోని వితంతువునకో, భర్త విడిచినదానికో రెండేండ్లలో ఆ కనీసపు చదువు చెప్పి, శిక్షణాలయపు గుమ్మమువఱకు తెచ్చి విడువవలెను. ఎక్కడ అవసరమో అక్కడి మనిషినే తయారుచేయు ఈ యుపాయము నేటికిని చెల్లును. నరికుడి బాలిక పండ్రెండవ తరగతి చదివినది; ఆ గుమ్మమువఱకు తనంత తానే నడచివచ్చినది. తలుపు మూసియున్నది మనవైపున.

అవసరము తగ్గునది కాదు. 2021 నాటి అంచనాల ప్రకారము దేశమున అఱువదేండ్లు దాటినవారు నూటికి 10.1, ఆంధ్రప్రదేశములో 12.4, తమిళనాడులో 13.6; కేరళమున 16.5. తమిళనాడు ప్రభుత్వమువారు 2021 ఆగస్టు 5వ తేదీని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో 'మక్కళై తేడి మరుత్తువం' అను పథకమును ప్రారంభించి, మంచము పట్టినవారి ఇంటికే శుశ్రూష పంపసాగిరి. ఆ యేడే జూను 18వ తేదీని, కోవిడు తాకిడిలో, కేంద్రప్రభుత్వమువారు లక్షమందికి పైగా సహాయకులను తయారుచేయుటకు స్వల్పకాలిక శిక్షణము మొదలుపెట్టిరి. గృహశుశ్రూష అందులో నొక శాఖ. ఆపద వచ్చినపుడు కొన్నినెలలలో పాఠ్యక్రమము, బోధకులు, పరీక్ష, అన్నియు సమకూడినవి. ఆపద తీరినంతనే ఆ పేర్లన్నియు పట్టికలోనికి ఎక్కింపవలసినదని ఎవ్వరికిని తోచలేదు.

విదేశములలో నేమి చేసిరి? అమెరికాలో 1987 నాటి సమాఖ్య శాసనము వృద్ధుల శుశ్రూషాలయములలో పనిచేయు సహాయకులకు తక్కువలో తక్కువ 75 గంటల శిక్షణము, అందు 16 గంటలు పర్యవేక్షణక్రింద పనిచేసి చూపుట, అటుపై పరీక్ష, ఏటేట 12 గంటల పునశ్చరణము విధించినది. ప్రతి రాష్ట్రమును సహాయకుల పట్టిక నుంచుకొనవలెను; రోగిని కొట్టినట్లు గాని, నిర్లక్ష్యము చేసినట్లు గాని తేలినచో ఆ సంగతి పట్టికలోనే చేరును; ఎవ్వరైనను చూచుకొనవచ్చును. న్యూ హాంప్‌షైరు, వెర్మాంటు రాష్ట్రములలో వీరిని లైసెన్సుగల నర్సింగు సహాయకు లనియే పిలుతురు. డెబ్బదియైదు గంటలనగా రెండువారముల పని. ఆకాశపు కుసుమము కాదు. ఇంగ్లండు ఇంకను మధ్యదారిలోనే యున్నది. స్టాఫర్డు ఆస్పత్రి దారుణములపై 2013లో ఫ్రాన్సిస్ విచారణసంఘము సహాయకులకు పట్టిక పెట్టుమనెను, ప్రభుత్వ మంగీకరింపలేదు. 2015లో కేర్ సర్టిఫికేటును, 2019లో నర్సింగ్ అసోసియేటు అను క్రొత్తమెట్టును మాత్రము తెచ్చిరి.

ఇచట రెండు అభ్యంతరములను త్రోసివేయుటకు వీలులేదు. నర్సుల సంఘములవారు భయపడుచున్నారు: సహాయకులకు లైసెన్సు వచ్చినచో, ఆస్పత్రుల యజమానులు నర్సులను తగ్గించి, చౌకగా వచ్చు సహాయకులచే పని గడపుకొందురని. ఈ భయము నిజమైనది. ఇప్పుడు సహితము కొన్ని ప్రైవేటు ఆస్పత్రులలో రాత్రివేళ జరుగునది అదియే. చట్టము లేదు గావున పట్టువడుట లేదు. సహాయకురాలు నర్సు పర్యవేక్షణలోనే పనిచేయవలెననియు, నర్సుల లెక్కలో ఆమెను చేర్చరాదనియు లైసెన్సు నిబంధనలలోనే వ్రాయవలెను. రెండవ యభ్యంతర మింకను కఠినమైనది: లైసెన్సు తప్పనిసరి యన్నచో నేడు పనిచేయుచున్న వేలమంది పేద స్త్రీల నోటికాడి కూడు పోవును. అందువలన మొదటి కొన్నియేండ్లు వారికి వేఱు దారి యుండవలెను. పనిలో నున్నవారు స్వల్పకాలపు తరగతికి వచ్చి, మంచము ప్రక్కన పనిచేసి చూపి, పరీక్ష నెగ్గినచో చాలును. పరీక్ష తమిళమున, తెలుగున నుండవలెను, ఇంగ్లీషున కాదు. రోగిని ప్రక్క మార్చుటకు ఇంగ్లీషు అక్కఱలేదు.

ఖర్చు పెరుగునని మన యిండ్లవారందురు. పెరుగును. ఇప్పుడు మనమిచ్చు సొమ్ములో ఏజెన్సీ పాలెంత, ఆ పిల్ల పాలెంత యని ఒక్కమాఱు అడిగి చూచి, ఆ తరువాత ఈ మాట చెప్పవలెను.

జరుగవలసిన పని పెద్దదేమియు కాదు. విరుదునగరమున 2022 జనవరి 12వ తేదీని ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. దాని యాస్పత్రిలోని మంచముల ప్రక్కన తిరుచ్చుళి, నరికుడి, కోవిల్పట్టి ప్రాంతముల బాలికలకు కొన్నినెలల సహాయక శిక్షణము పెట్టవచ్చును. అందు సమర్థురాండ్రకు తరువాత ఏ.ఎన్.ఎం.లో కొన్ని స్థానములు ప్రత్యేకింపవచ్చును. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బాలికలు ఉన్నతవిద్యలో చేరినచో నెలకు వేయిరూపాయ లిచ్చు 'పుదుమైప్పెణ్' పథకము 2022 సెప్టెంబరునుండి యున్నది. గుర్తింపులేని మేడగది చదువులకు అట్టి సాయము రాదు. తలిదండ్రు లప్పుచేసి కట్టు రుసుములన్నియు ఆ మేడగదులకే పోవుచున్నవి. రాష్ట్ర నర్సుల మండలి ఒక క్రొత్త పట్టికను తెఱవవలెను. అంతవఱకు ఈ నగరపు తెలుగు సభలు ఉగాది పందిళ్లకు వెచ్చించు ధనములో కొంత తీసి, ఏటికి పదిమంది బాలికల ఏ.ఎన్.ఎం. చదువునకు, వసతిగృహపు ఖర్చునకు ఇచ్చినచో, దక్షిణపు తెలుగువారికి మనమేమి చేసితిమను ప్రశ్నకు ఒక జవాబైన దొరకును. ఆ పదిమందిలో అరుంధతీయ బాలికలుండునట్లు చూడవలెను.

ఆ ముసలమ్మగారు ఆస్పత్రినుండి బ్రతికి వచ్చిరి. క్రొత్తగా వచ్చిన పరిచారిక తమిళమున పలుకరింపగా నోరు తెఱవక, మొదటి పిల్ల యేదని రెండుదినములు అడిగిరట. ఇంటివారు ఏజెన్సీకి ఫోను చేసిరి. ఆ పిల్లను వేఱొక ఇంటికి పంపితిమని చెప్పిరే కాని, చిరునామా ఈయలేదు. మఱి యే పట్టికలోను ఆమె పేరు లేదు గావున, ఎక్కడ వెదకవలెనో ఇంటివారికి తెలియలేదు.